టికా తిరిగిచ్చిన నోటుపుస్తకం

విశ్వాసమంటే విధేయతేననీ, పెద్దలు గీసిన గీత దాటినవాడికి దేవుడి మీద నమ్మకం సడలినట్టేననీ ఫిలిప్పీన్స్‌లోని మా బొహోల్ దీవిలో ఎక్కువమంది అభిప్రాయం. ఉగ్గుపాలతో వంటబట్టిన మాట అది. పూర్తిగా తప్పని నేను అనను. అయితే ఎస్కొలాస్టికా లుమాంటావ్ జీవితాన్ని దగ్గరగా చూసినవాడు ఆ మాటను మునుపటి ధీమాతో అనలేడు.

మా రేవుపేటలో ఆమెను అందరూ నాంగ్ టికా అంటారు. నాంగ్ అంటే అక్క, నోంగ్ అంటే అన్న. ఎవరైనా పోతే వాళ్ళింట్లో తొమ్మిది రోజులపాటు, మధ్యాహ్నం మూడింటికి, చనిపోయినవారి ఆత్మ కోసం నవదిన ప్రార్థనలు జరుగుతాయి. వాటిని నడిపించడం ముప్పై ఎనిమిదేళ్ళపాటు ఆమె పని. ఆమె ఒక వాక్యం చదివేది, కూర్చున్నవాళ్ళు జవాబు చెప్పేవారు. గొంతు బొంగురు. కోపం ముక్కు మీదే ఉంటుంది. జవాబులు నమిలేవాళ్ళను ప్రార్థన మధ్యలో ఆపి, "దేవుడికి చెవుడు లేదు గానీ నాకుంది, కాస్త నోరు తెరవండి" అనేది. తొమ్మిదో రోజు అరిటాకులో ఉడికించిన బియ్యపు ముద్దలు పంచితే తన వాటా కంటే రెండు ఎక్కువే సంచిలో వేసుకునేది. పెళ్ళి చేసుకోలేదు. ఆమెను పుణ్యాత్మురాలని ఎవరూ అనలేదు, అనవలసిన అవసరమూ కనబడదు.

ప్రార్థనలన్నీ ఒక నోటుపుస్తకంలో ఉండేవి. టికాకు ముందు ఈ పని చేసిన ఆమె తల్లి వాటిని తన చేత్తో రాసి, పేట ప్రార్థన మందిరానికి ఇచ్చింది. మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఒక వాక్యం: "తన ప్రాణం తానే తీసుకున్నవాడి కోసం ఈ పుస్తకం తెరవకూడదు." అది తిరుసభ, అంటే కథోలిక చర్చి, శాసనమని పేటంతా నమ్మింది. నిజానికి అది ఎప్పుడో ఒక ముసలి చర్చి గురువు చెప్పగా ఆ తల్లి రాసుకున్న మాట. ఆ తర్వాత తిరుసభ ఆలోచించింది. మనోవ్యాధి, భయం, వేదన మనిషి స్వేచ్ఛను కుదించివేస్తాయని, అలా పోయినవారి కోసం కూడా ప్రార్థించాలని చెప్పింది. చేతిరాత మాత్రం మారలేదు.

టికా పుస్తకం పట్టిన మొదటి ఏడాదే రోసెండా అనే పంతొమ్మిదేళ్ళ అమ్మాయి అలా పోయింది. ఆమె తల్లి ప్రార్థన అడగడానికి వచ్చి టికా గుమ్మంలో నిలబడింది. టికా మొదటి పేజీ తీసి చూపించింది. ఆ తల్లికి చదువు రాదు కనుక పైకి చదివి వినిపించింది. "సరేనమ్మా, రాసుంటే ఏం చేస్తాం" అని ఆ తల్లి వెళ్ళిపోయింది. విధేయత ఇద్దరిదీ. ఆ ఇంట్లో ప్రార్థన జరగలేదు. తర్వాత ఆ కుటుంబం మిందనావో దీవికి వలసపోయింది.

పోయిన ఏడాది ఈస్టర్ దాటాక, చేపలు ఎండబెట్టుకుని బతికే బాసిలీసా కొడుకు, క్రిస్పులో అనేవాడు, అదే దారిన పోయాడు. ఓడ ఇంజను గదిలో పనిచేసేవాడు. అంతకు ఏడాది ముందు మనసు జబ్బుతో ఇంటికి వచ్చి, మందులు వాడుతూ, ఎవరితోనూ మాట్లాడకుండా బతికాడు. పట్నం చర్చి గురువు ఫాదర్ హెర్మీ అతనికి పూజ చేసి, పవిత్రజలం చల్లి సమాధి చేయించాడు. సమాధి దగ్గర నుంచి బాసిలీసా నేరుగా టికా ఇంటికి వచ్చింది.

"నాంగ్, రేపు మూడింటికి వస్తావు కదా?"

"పుస్తకంలో ఏముందో నీకు తెలుసు కదే."

"తెలుసు. అయినా అడుగుతున్నా. వద్దంటే నీ నోటితో చెప్పు, పుస్తకం నోటితో కాదు."

టికా మందిరం బీరువాలోంచి నోటుపుస్తకం తీసుకుని, మరునాడు పొద్దున్నే జీపు ఎక్కి పట్నం వెళ్ళింది. ఫాదర్ హెర్మీ మొదటి పేజీ రెండుసార్లు చదివాడు.

"ఇది ఇప్పుడు ఏ నియమంలోనూ లేదు నాంగ్."

"ఎప్పట్నుంచి లేదు?"

ఆయన లెక్క చూసి చెప్పాడు. "నువ్వు ఈ పుస్తకం పట్టకముందు నుంచే."

ఆమె పుస్తకాన్ని తన వైపు లాక్కుని మూసేసిందని ఆయనే తర్వాత చెప్పాడు. ఆ తర్వాత అడిగిందట: "అయితే మీరొచ్చి మా మందిరం కమిటీకి చెప్పండి ఫాదర్."

"చెబుదాం. ఊరి పండగ దగ్గరికొచ్చింది, ఇప్పుడు పేటలో చీలిక ఎందుకు? నెమ్మదిగా చెబుదాం."

"తొమ్మిది రోజులు ఆగుతాయా, మీ నెమ్మది కోసం?"

ఆయన మంచివాడు. నెమ్మది ఒక్కోసారి వివేకమే, ఒక్కోసారి బాధ్యతకు పెట్టే సెలవు చీటీ. ఆ రోజు అది ఏదో ఆయనకూ తెలుసనుకుంటాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు టికా మందిరానికి తిరిగి వచ్చేసరికి కమిటీ పెద్ద ఉర్బానో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బడి హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైనవాడు. పేటలో సగం మందికి అక్షరాలు నేర్పింది ఆయనే.

"పుస్తకం ఎక్కడికి తీసుకెళ్ళావు?"

"చదివించుకు రావడానికి, నోంగ్ ఉర్బానో. ఇన్నాళ్ళూ నాకు చదవడం రాలేదని తెలిసింది."

"ఎకసెక్కాలు వద్దు. ఇవాళ బాసిలీసా ఇంటికెళితే రేపట్నుంచి ఈ పుస్తకం నీ చేతికి రాదు. నీ తల్లి రాసిన మాట నువ్వే తుడిచేస్తావా? రేపు ఇంకో పిల్లాడికి ధైర్యమొస్తుంది, పోయినా ప్రార్థన ఉంటుందిలే అని."

ఆయన భయం ఉత్తదని నేను అనలేను. హద్దులు లేని కరుణ ప్రాణం విలువను పలుచన చేస్తుందేమోనని ఆలోచించేవాళ్ళు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. కానీ మూడు గంటల ప్రార్థన కోసం ఎవడూ చావడు. టికా ఆ వాదనలోకి పోలేదు. మరో వైపు నుంచి వచ్చింది.

"క్రిస్పులో చేసిన తప్పేంటో చెప్పండి."

"ఆశ వదులుకున్నాడు. దేవుడి మీద ఆశ వదులుకోవడం పాపం."

"మరి మీరు? వాడి విషయంలో దేవుడి మీద ఆశ వదులుకోలేదూ? జబ్బుతో వదులుకున్నవాడిది పాపం, ఒంట్లో సుబ్బరంగా ఉండి, కడుపునిండా అన్నం తిని వదులుకున్న మీదీ నాదీ భక్తా?"

ఉర్బానో మెల్లగానే అన్నాడు: "నీకు పిల్లల్లేరు టికా. రేపు నువ్వు పోతే జవాబు చెప్పేవాళ్ళు ఒక్కరూ రారు. ఆలోచించుకో."

ఇది ఉత్త బెదిరింపు కాదు. తొమ్మిది రోజుల జవాబులు లేకుండా పోవడమే మా పేటలో మనిషికి అన్నిటికంటే పెద్ద భయం. ముప్పై ఎనిమిదేళ్ళు ఇతరుల చావులకు గొంతు అరగదీసిన మనిషికి అది ఇంకా పెద్దది.

"బతికున్నాను కదా, నాకు నేనే ముందే చెప్పుకుంటాలెండి" అంది టికా. నోటుపుస్తకం ఆయన ఒళ్ళో పెట్టింది. "ఇది మీరే ఉంచుకోండి. మా అమ్మ దస్తూరీ బాగుంటుంది. లోపలిదంతా నాకు నోటికొచ్చు, మొదటి పేజీ తప్ప."

విధేయత విడిచిందని పేట ఆమె గురించి చెప్పుకుంది. నాకు అలా తోచదు. గీత ఎవరు గీశారో అడిగి తెలుసుకున్నాక, గీసినవాడు చెరిపేసిన గీత దగ్గర ఆగిపోవడం విధేయత కాదు, అలవాటు. అలవాటు కూడా మోకాళ్ళ మీదే కూర్చుంటుంది. అందుకే రెంటినీ విడదీసి చూడడం కష్టం.

ఆ రోజు మూడింటికి బాసిలీసా ఇంట్లో ముగ్గురున్నారు: టికా, బాసిలీసా, ఆమె చెల్లెలు. ఆచారం ప్రకారం ఇల్లు ఊడవలేదు. గుమ్మంలో చేప పొలుసులు అలాగే ఉన్నాయి. టికా పుస్తకం లేకుండా మొదలుపెట్టింది. నాలుగో ప్రార్థనలో ఒక పాదం మరిచిపోయి, తిట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి చదివింది. చనిపోయినవారి పేరు చెప్పవలసిన చోటల్లా "క్రిస్పులో" అని, పక్కింటివాళ్ళకు వినపడేటంత గట్టిగా చెప్పింది. తొమ్మిదో రోజుకు పదకొండు మంది వచ్చారు. ఉర్బానో రాలేదు. కమిటీ అన్న మాట నిలబెట్టుకుంది. ఇప్పుడు పేటలో చావులకు ఆ నోటుపుస్తకం పట్టుకుని ఇంకొకామె చదువుతోంది.

పదో రోజు మధ్యాహ్నం టికా తన ఇంట్లో ఒక కొవ్వొత్తి వెలిగించి కూర్చుంది. ఎవరూ అడగలేదు, ఎవరినీ పిలవలేదు. ఆ పిల్ల ఫొటో ఆమె దగ్గర లేదు. వాక్యం తానే చెప్పి, జవాబూ తానే చెప్పి, పేరు చెప్పవలసిన చోట "రోసెండా" అంది. అలా తొమ్మిది రోజులు చేసింది. ఆ తర్వాత ఆ కుటుంబం చిరునామా కనుక్కుని మిందనావోకు ఒక ఉత్తరం రాసి, ప్రార్థన ముప్పై ఎనిమిదేళ్ళు ఆలస్యంగా జరిగిందని, ఆలస్యం తనదేనని తెలియజేసింది.