మూసిన మిల్లుకు కరెంటు బిల్లు

నా భార్య పోయినప్పటి నుంచి ఆమె నడిపిన పిండి మిల్లు మూసే ఉంది. బిల్లు మాత్రం వస్తూనే ఉంది. ఈ రోజు తిరుత్తణి కరెంటాఫీసుకు వెళ్ళి అడిగాను.

"అది ఫిక్స్‌డ్ చార్జి అన్నా," అంది కౌంటర్లో ఉన్నామె. "మీరు మిల్లు ఆడించినా, ఆడించకపోయినా, మీకని అంత లోడు లైన్లో పెట్టే ఉంటాం. వద్దంటే కనెక్షన్ సరెండర్ చేసేయండి. ఎవరి పేర్న ఉండాది?"

భార్య పేరు చెప్పాను.

"అట్లయితే ఆయమ్మనే రమ్మనండి."

ఆమె లేదని చెప్పి, బిల్లు కట్టి వచ్చేశాను. సరెండర్ చేయడమే మేలనిపించింది. దానికి ముందు మోటారు తిరుగుతుందో లేదో చూద్దామని మిల్లు తెరిచి స్విచ్చి వేశాను. ఆ చప్పుడుకు పక్క వీధి మునెమ్మ గిన్నెడు బియ్యంతో పరుగున వచ్చింది.

"తెరిచినారా మామా! పిండికి పొదటూరుపేట దాకా పోతా ఉంటిమి."

మూసేస్తున్నానని చెప్పలేకపోయాను. బియ్యం ఆడించి ఇచ్చాను. ఆమె పిండిని వేళ్ళతో నలిపి చూసి నవ్వింది.

"అత్త ఆడించినట్ల లేదులే. రేపు రాగులు తెస్తా, బాగా ఆడించు."

పిండి రవ్వరవ్వగా వచ్చింది. మెత్తగా రావాలంటే రాళ్ళు ఎంత బిగించాలో తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంట్లో అడగడానికి మనిషి లేదు.