ఎర్ర సంచిలో పడేసిన సూది

పలాస దగ్గర ఒక డయాలసిస్ కేంద్రంలో నేను టెక్నీషియన్‌ని. ఏ వ్యర్థం ఎందులో వేయాలో కొత్తవాళ్లకు నేర్పేదీ నేనే. నెత్తురంటిన దూది పసుపు సంచిలో, గొట్టాలు ఎర్ర సంచిలో, సూదులు మాత్రం గట్టి తెల్ల డబ్బాలో. సంచులు మూతికట్టి తీసుకెళ్లే అక్కకు చదువు రాదు. ఆమె భర్త కిడ్నీ జబ్బుతో మా దగ్గరే రెండేళ్లు డయాలసిస్ చేయించుకుని, చివరికి చనిపోయాడు. ఆ తర్వాత ఆమె ఈ పనిలో చేరింది.

ఒక మధ్యాహ్నం వజ్రపుకొత్తూరు నుంచి వచ్చే ఒక పెద్దాయనకు మిషన్ మీద ఉండగానే బీపీ పడిపోయింది. ఆయన దగ్గరికి పరుగెత్తుతూ, పక్క మంచం పేషెంటుకు అప్పుడే తీసిన గొట్టాన్ని సూదితో సహా ఎర్ర సంచిలో పడేశాను. పెద్దాయన తేరుకున్నాడు. సూది సంగతి మరిచిపోయాను. తొందర అంటున్నాను గానీ, ఏ తొందరా లేనప్పుడు కూడా ఒకటి రెండుసార్లు అలా వేశాను.

గంట తర్వాత సంచి మూతి కడుతూ అక్క కెవ్వుమంది. గ్లౌజు తీస్తే బొటనవేలి నుంచి నెత్తురు.

"సంచి నొక్కొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని ఇన్‌చార్జి మేడమ్ ఆమెనే కసిరింది.

"నొక్కలేదమ్మా, మూతి కడతన్నాను," అని అక్క నా వైపు చూసింది.

ప్రమాదాల రిజిస్టరు రాయమని మేడమ్ నాకే ఇచ్చింది. 'సంచిని జాగ్రత్తగా పట్టుకోకపోవడం వల్ల' అని రాశాను. కింద అక్క చేత, కట్టులేని చేతి బొటనవేలితో ముద్ర వేయించాను.

ఆమెకు ఇంజెక్షన్లు వేశారు. ఆరు నెలలపాటు రక్త పరీక్షలన్నారు. రెండో పరీక్ష రోజు బల్ల మీద కూర్చుని, "మనవరాలికి నా సేత్తో అన్నం ఎట్టడం మానీసినాను. నాకేటైనా అంటుకుందేమోనని బయిం," అంది.

ఇక ఆగలేకపోయాను. "అక్కా, ఆ సూది నేనే వేశాను."

"తెలుసు. ఆ మంచం నువ్వే సూసినావు కదా. ఆ రోజే సెప్తావని సూసినాను."

అప్పుడే వెళ్లి మేడమ్‌కు చెప్పాను. రిజిస్టరులో నా మాట కొట్టేసి నిజం రాశాను. నాకు మెమో ఇచ్చారు. అక్కకు మాత్రం తప్పు నీది కాదని ఎవరూ చెప్పలేదు.

చివరి పరీక్షలో కూడా ఏమీ లేదని తేలింది. నేను పక్క గదిలోనే ఉన్నాను. అక్క ఆ కాగితం పట్టుకుని రోడ్డు దాటి, మందుల కొట్టాయనతో చదివించుకుంది.