పాడు బేరింగ్

కరోనా అప్పుడు మా కాలేజీ ల్యాబుకు తాళం పడ్డది. నా పీహెచ్‌డీకి గూడ పడేటట్టే ఉండె. మెకానికల్‌ల నా పనేందంటే, మిషన్ అదురు చూసి బేరింగ్ పాడైందా లేదా చెప్పుడు. వారంల ఆన్‌లైన్ రివ్యూ ఉంది. రీడింగులు చూపియ్యకుంటే రిజిస్ట్రేషన్ రద్దేనన్నరు.

మా బాపు జోల్వా అనే బట్టల మిల్లుల ఊర్ల సాంచల మాస్టర్. పవర్‌లూములను మేం సాంచలంటం. అవి మొరాయిస్తే సక్కజేసేది ఆయనే. కార్మికులు సగం మంది ఊర్లకు పోయిన్రు, శానా సాంచలు ఖాళీ. షెడ్డు ఓనర్ సేఠ్ కాళ్లావేళ్లా పడి ఒకటి అడుక్కున్న. కావాల్నని దానికి అరిగిన బేరింగ్ ఎక్కించి, సెన్సర్ అతికించి మూడ్రోజులు నడిపిన.

గ్రాఫ్ చూస్తే దుప్పటి పరిచినట్టు సాఫ్! సెన్సర్‌ను తిట్టిన, ల్యాప్‌టాప్‌ను తిట్టిన, ఆఖరుకు నన్ను నేనే తిట్టుకొని ఏడ్చిన. నాలుగేండ్ల చదువు గంగల కలిసిందనుకున్న.

రివ్యూ రోజు మాకున్న ఒక్క అర్రల కూసున్న. కెమెరాల పడొద్దంటే బాపు వెనక గోడకు ఒత్తుకొని అన్నం తింటుండు.

"బేరింగ్ పాడైందంటున్నవు, మరి అదురేదమ్మా?" అని మా సార్ హిందీల అడిగిండు.

"సాబ్, అది నేనే మార్చిన," అన్నడు బాపు, ఎంగిలి చెయ్యి లేపి. "పొల్ల చాయ్‌కి పోయినప్పుడు. దాని సప్పుడు ఇంటుంటే పాణం ఆగలె."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మైకు బంద్ చెయ్యాల్నని గూడ యాదికి లేదు. "మార్చినోనివి నాకెందుకు చెప్పలె బాపూ?"

"ఎట్ల చెప్పాలె? ఇంత సదివిన పిల్ల పాడు బేరింగ్ ఏసిందంటే షెడ్డుల నలుగురు నవ్వరా? నీ ఇజ్జత్ పోతదని సప్పుడు చెయ్యలె."

సార్లందరు పగలబడి నవ్విన్రు. నేను మాత్రం నవ్వలేకపోయిన. మా సార్ ఇంకో నెల గడువిచ్చి, "ఈసారి మీ నాయినను పక్కన నిలబెట్టుకో. చేతులు మాత్రం కట్టెయ్," అన్నడు.

మల్ల అదే పాడు బేరింగ్ ఎక్కించిన. బాపు మాటకు కట్టుబడి రెండు చేతులు చంకలల్ల పెట్టుకొని నిలబడ్డడు. సాంచ కడకడమన్నప్పుడల్లా ఆయన మొహం ముడుసుకపోతుండె. పావుగంటకోపారి ఒకటే అడుగుడు:

"అయిపోయిందా బిడ్డా? ఇగ మార్చనా?"