నల్లరాతి నూనె, మా అన్న బావి

నోటి మాటను నేను అంత తొందరగా నమ్మను. ముప్పై ఏళ్ళు మా ఊరి బడిలోనే పంతులుగా పనిచేశాను. ఎప్పుడు వాన పడింది, ఏ చేనిలో ఏ పంట వేశారు, బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి, అన్నీ తారీఖు వేసి నోటుపుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఆ పుస్తకాలు నా ట్రంకుపెట్టెలో ఇప్పటికీ వరుసగా ఉన్నాయి. కర్నూలు రాజధానిగా ఉండిన రోజుల నాటి పుస్తకం అట్ట మీద మాత్రం అరచేయి వెడల్పున ఒక నూనె మరక ఉంది. అది మా కొండరాయిని కాల్చి తీసిన నూనె. ఆ నూనె కోసం మా ఊరు ఏమేమి పోగొట్టుకొన్నదో ఏ రిజిస్టరులోనూ లేదు. తీసినవారు నూనె డబ్బాలను మాత్రమే రాసుకొన్నారు. తక్కినది రాయవలసిన పని నా మీద పడింది.

మా ఊరు జమ్మలమడుగుకు పడమర, ఎర్రమల కొండల కింద. మిద్దె ఎక్కితే గండికోట బురుజులు కనబడేవి. ఊళ్ళో బావులకు కొదవ లేదు కానీ అన్నింటివీ ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళతో కందిబేడలు ఎసట్లో వేస్తే పొద్దు వాలినా గింజ గింజగానే ఉండేవి. మా అన్న తవ్విన బావి ఒక్కటే తీపిది. చేతులెత్తి నిలబడిన మనిషి పొడవును మా వైపు మట్టు అంటారు. ఆ బావి తొమ్మిది మట్లు. రాతిని అన్న పగలగొట్టేవాడు, మట్టిని వదిన గంపలతో మెట్ల మీదుగా పైకి మోసేది. అప్పటికి మా అమ్మ లేదు. నేను పలక పట్టుకొని గట్టున కూర్చునేవాడిని. గంప దించిన ప్రతిసారీ వదిన నా పలక వైపు ఒకసారి చూసి, ఏమీ తెలియకపోయినా, "బాగుండాది, రాయి" అని మళ్ళీ దిగేది. నాకు అక్షరాలు బడిలో వచ్చాయి. రాసే అలవాటు ఆ గట్టు మీద వచ్చింది.

ఆ బావికి కపిల కట్టారు. ఎద్దుల జత ఏటవాలు బాటలో దిగుతుంటే తోలుబాన నీళ్ళతో పైకి వచ్చి కాలువలో కుమ్మరించేది. ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా పప్పుకు నీళ్ళు మా బావి నుంచే పోయేవి. అడిగినవారికి లేదనడం మా ఇంట్లో లేదు.

అన్నకు చదువు రాదు. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ వారం నేను రాసినదంతా ఆయనకు చదివి వినిపించాలి. ఆయన పక్కనే కూర్చుని నేను చదివే వరుస కింద బొటనవేలు జరుపుతూ వినేవాడు. "ఆ పొద్దు వాన అంత ల్యా, కొట్టెయ్" అని దిద్దేవాడు. నేను కొట్టివేసేవాడిని కాదు. రాసింది కొట్టివేయరాదని నా నియమం. పక్కన 'అన్న ఒప్పుకోలేదు' అని రాసేవాడిని. అది విని పడిపడి నవ్వేవాడు.

నల్లరాతి సంగతి గొర్రెలకాపరులకు ఎప్పటి నుంచో తెలుసు. కొండ వాలున పలకలు పలకలుగా ఊడివచ్చే ఆ రాయిని పొయ్యికి పెట్టుకొంటే రాయే పొగ వేస్తుందని వాళ్ళు చెబితే మేము నవ్వేవాళ్ళం. ఒక వేసవిలో కోస్తా వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఏదో కంపెనీకి మేనేజరు. బడి అరుగు మీద నిప్పు చేయించి, పట్టకారుతో ఒక రాతిపలకను అందులో పెట్టాడు. కాసేపటికి పలక అంచున నీలిమంట లేచింది. కిరసనాయిలు వాసన వచ్చింది.

"చూశారాండీ! ఈ కొండ కొండంతా దీపమేనండి" అన్నాడు.

"అట్లయితే మా ఇంటికొక కొండ ఇయ్యి సామీ" అంది నీళ్ళకు పోతూ ఆగిన ఒక ముసలమ్మ. "సీమనూనె కోసరం అంగడి ముందర నిలబడలేక సస్తాండాము."

అందరూ నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు. నెల తిరగకుండానే కొండ కింద ఇటుకలతో బట్టీలు లేచాయి. రాయిని పగలగొట్టి ఇనుప పీపాల్లో నింపి, మూత బిగించి, కింద కట్టెలు మండించేవారు. రాతి నుంచి లేచిన ఆవిరిని గొట్టంలో పట్టి, గొట్టం మీద వంకలో పారే నీళ్ళు పోస్తే అవతలి కొసన నూనె చుక్కలుగా పడేది. డబ్బాలు బండ్ల మీద రైలు స్టేషనుకు, అక్కడి నుంచి రైలులో ఎక్కడికో వెళ్ళేవి. చాలా ఇళ్ళకు కూలి దొరికింది. సంతోషించినవారిలో నేనూ ఉన్నాను, అది దాచను.

కానీ రాసే అలవాటు ఊరకే ఉండనివ్వదు. ఒక సెలవునాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బట్టీల ఎదుట బండ మీద కూర్చుని లెక్క పెట్టాను. కొండ నుంచి తొమ్మిది బండ్ల తుమ్మ, సండ్ర కట్టెలు దిగాయి. నూనె రెండు డబ్బాలు నిండింది. వంక నీరంతా గొట్టాల మీద పోయడానికే సరిపోయి, పశువులు తాగే మడుగు సాయంత్రానికి బురద అయింది. పుస్తకం తీసుకొని మేనేజరు దగ్గరికి వెళ్ళాను.

"తొమ్మిది బండ్ల కట్టెలు ఊరికి పంచితే ఎన్ని నెలల వంట జరుగుతుందో ఆలోచించారా? దీపం కోసం పొయ్యి ఆర్పుతున్నారు మీరు" అన్నాను.

"మాస్టారూ, మీరు కట్టెలు చూస్తున్నారు. నేను కొండను చూస్తున్నానండి" అంటూ ఆయన మచ్చు నూనె సీసాను నా పుస్తకం మీదనే పెట్టాడు. సీసా అడుగు తడిగా ఉంది. మరక అలా పడింది.

అయితే మా ఇంటి మీదికి ముప్పు వచ్చింది కట్టెలతో కాదు, బూడిదతో.

మా ప్రాంతంలో ఎండాకాలంలో రైతులు చేసే పని ఒకటుంది. పూర్వం ఎప్పుడో ఊరుండి పాడుపడిన దిబ్బల నుంచి నల్లటి మెత్తని మట్టిని తవ్వి చేలకు తోలుకొంటారు. దాన్ని పాటిమన్ను అంటారు. దానికోసం తెల్లవారకముందే బండ్లు కట్టి, దిబ్బ దగ్గర పోట్లాడుకొనేవారు కూడా. బట్టీల్లో కాలి, నూనె దిగిన రాయి పొడిగా, నల్లగా, వేళ్ళ మధ్య జారిపోతూ అచ్చంగా పాటిమన్నులాగే ఉండేది. బట్టీల పక్కన గుట్టలుగా పడి ఉంది. మేనేజరును అడిగితే "తీసుకుపోండి, మాకు చోటు మిగులుతుంది" అన్నాడు.

అన్న దోసిలి నిండా తెచ్చి నా ముందు పెట్టాడు. "అప్పా, సదువుకున్నోనివి నువ్వు. ఇది పాటిమన్ను మాదిరిదేనా, కాదా?"

నేను నలిపి చూశాను, వాసన చూశాను. కాల్చిన మట్టి, చీడ ఏమీ ఉండదనుకొన్నాను. "మంచిదే అన్నా" అన్నాను. ఆ పొద్దు పుస్తకంలో 'బట్టీ బూడిద పాటిమన్ను వంటిదే' అని నా చేతితోనే రాశాను. ఆ వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది. నియమం నాది కదా, కొట్టివేయలేదు.

పంతులు మంచిదన్నాడని ఊరు ఊరంతా తోలుకొన్నది. అన్న చేనికి నలభై ఒక్క బండ్లు తోలాడు. చేను బావికి ఎగువన ఉంది.

తొలకరి వానలు ఆ ఏడు బాగానే పడ్డాయి. వేరుశనగ మొలిచింది. మూడో వారానికి బూడిద తోలిన చేలన్నింటిలోనూ ఆకుల అంచులు కాలినట్లు ఎండాయి. సాళ్ళ మధ్య తెల్లని పొర పేరింది. బావి నీటి మీద రంగులు తేలాయి. కపిల ఎద్దులు తొట్టిలో మూతి పెట్టి, తల తిప్పుకొన్నాయి. అన్న వాటిని బతిమాలాడు. "తాగురా నాయనా, నువ్వు తోడిన నీళ్ళే గదరా." ఎద్దు ఆయన భుజాన్ని నాకింది కానీ నీళ్ళు ముట్టలేదు.

ఆ సాయంత్రం వదిన వంటింటి గడప దగ్గరికి వచ్చి, గరిటె మీద నాలుగు బేడలు చూపింది. గింజ గింజగా ఉన్నాయి. "ఉడకల్యా అప్పా" అంది. ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు బాగుండేది.

మేనేజరు దగ్గరికి పరుగెత్తితే బట్టీలు చల్లారి ఉన్నాయి. కొండ మీద అందుబాటులో ఉన్న కట్టె అయిపోయింది. వచ్చే నూనె పెట్టే ఖర్చుకు చాలదని వాళ్ళకు అప్పటికి తెలిసింది. బండ మీద కూర్చున్న ఒక్క రోజులోనే నాకు తెలిసిన సంగతి అది! పీపాలు, గొట్టాలు స్టేషను దారి పట్టాయి. బోడికొండ, గుంతలు, బూడిద గుట్టలు మాకు మిగిలాయి.

పుస్తకం చంకన పెట్టుకొని కర్నూలు వెళ్ళాను. అప్పుడు కచేరీలు చాలా వరకు డేరాల్లో నడిచేవి. రెండు రోజులు డేరా డేరాకూ తిరిగాను. చివరకు ఒక గుమాస్తా ఓపికగా నా పుస్తకమంతా తిరగేశాడు. మంచి మనిషి, మంచినీళ్ళు తెప్పించి ఇచ్చాడు.

"పంతులుగారూ, రాయికి ఒక శాఖ ఉంది, కట్టెకు ఒకటుంది, వంక నీటికి ఇంకొకటుంది. కాలిపోయిన బూడిద ఎవరిదీ కాదు. అర్జీ ఎవరి పేర రాయమంటారు?" అన్నాడు.

ఎవరిదీ కాని బూడిద మా అన్న చేనిలో ఉంది.

ఇంటికి వచ్చి, గడపలోనే అన్న కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "నేను మంచిదంటిని అన్నా" అన్నాను.

"నువ్వంటివి, నేను తోలితిని. నలభై ఒక్క బండ్లు తోలినోనికి కండ్లు ల్యావా?" అన్నాడు. "లెయ్యప్పా. తోలింది మళ్ళ తోలుదాం."

తోలాము. పారలతో చేను పైపొర గీరి, గంపలకెత్తి, బండిలో పోసి, కొండ కింది గుంతల్లోకే తిరిగి పోశాము. తోలడానికి ఒక వేసవి పట్టింది, తీయడానికి నాలుగు వేసవులు పట్టాయి. బూడిదతో పాటు మంచి మన్నూ పోయింది. ప్రతి ఏడూ ఉగాది వెళ్ళాక బావి పూడిక తీసి, కొత్తగా ఊరిన నీళ్ళతో వదిన గుప్పెడు బేడలు ఉడకేసేది. నా పుస్తకంలో నాలుగేళ్ళ వరుస ఇలా ఉంది: 'ఉడకలేదు.' 'ఉడకలేదు.' 'ఉడకలేదు. చేదు తగ్గింది.' 'ఉడకలేదు. ఎద్దు ఒక గుక్క తాగింది.'

ఐదో ఏడు అన్నకు జ్వరం పట్టుకొంది. నెల రోజులు మంచం దిగలేదు. జ్వరం తగ్గాక కూడా ముద్ద సహించేది కాదు. కళ్ళు తెరిస్తే ఒకటే ప్రశ్న. "బావి నీళ్ళు ఎట్లుండాయి? బేడలు ఏసి సూసినారా?"

ఒకనాడు వదిన కంచంలో సంగటి ముద్ద, పక్కన వెన్నలా మెదిగిన పప్పు పెట్టి తెచ్చింది. "ఉడికినాయి. మన బాయి నీళ్ళే" అంది. అన్న ఆ ముద్ద పూర్తిగా తిన్నాడు. మారు పెట్టించుకొన్నాడు. ఆ వారమంతా తిన్నాడు. ముఖంలోకి రక్తం వచ్చింది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. బావి దగ్గరికి వెళ్ళి నోట్లో పోసుకొంటే చేదు అలాగే ఉంది. మర్నాడు మిట్టమధ్యాహ్నం బడి నుంచి వస్తూ, ఏటి దారిలో వదినను చూశాను. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. రెండు మైళ్ళ అవతల పెన్న ఇసుకలో చెలమ తోడి, ఊరిన నీటిని తెస్తున్నది. పాదాలు కాలుతుంటే ముళ్ళకంప నీడ కనబడ్డ చోటల్లా ఒక క్షణం ఆగుతున్నది.

నన్ను చూసి నిలబడింది. "మీ అన్నకు చెప్పాకు."

"ఎన్నాళ్ళు మోస్తావు వదినా?"

"గంపలతో మన్ను మోసినదాన్ని, నీళ్ళు మోయలేనా? పో, బడికి పో" అంది. బడి వదిలిన సంగతి ఆమెకు తెలుసు.

ఆ రోజు పుస్తకంలో మూడు వరుసలు రాశాను. ఆదివారం అన్న మంచం మీద లేచి కూర్చుని, చదవమన్నాడు. ఆ చోటుకు వచ్చేసరికి నేను మొదటి వరుస మాత్రం చదివాను. 'పప్పు మెత్తగా ఉడికింది.' పేజీ తిప్పబోయాను.

అన్న బొటనవేలు కదలలేదు.

"అప్పా, గీతలు మూడుండాయి. నువ్వు ఒకటే సదివితివి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "సదువు" అన్నాడు. చదివాను. 'నీళ్ళు పెన్న చెలమవి. వదిన ఎండలో రెండు మైళ్ళు మోసి తెచ్చింది.'

అన్న వంటింటి వైపు తిరిగి, "పప్పు ల్యాకున్నా, ఊరిమిండి నూరి పెడితే సంగటి దిగదా నాకు? ఆ ఎండకు పడిపోయింటే ఏం గావాలమే?" అన్నాడు. కాసేపటికి గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

మర్నాడు తెల్లవారి నేను వెళ్ళేసరికి కపిల ఎద్దులు బండికి కట్టి ఉన్నాయి. బావి పాడైనప్పటి నుంచి అవి బూడిదే మోశాయి. అన్న ఇంకా బలం రాని చేతులతో బండిలో గడ్డి పరిచి, బిందెలు దొర్లకుండా సర్దుతున్నాడు. వదిన కొంగు నడుముకు దోపుకొని వాకిట్లో నిలబడి ఉంది.

"జరమొచ్చిన మనిషి బండి తోలేది యాడన్నా ఉండాదా? దిగు" అంది.

"ఎద్దులు తోల్తాయి. నేను కూసుంటా. ఎక్కు" అన్నాడు.

ఆమె ఎక్కింది. బండి చక్రాలు మా చేను పక్కగా, బావి గట్టు పక్కగా ఏటి దారి పట్టాయి. నేను జేబులో పెన్సిలు తీసి రాసుకొన్నాను. 'అన్న బండి కట్టాడు. వదిన పక్కన కూర్చున్నది. బిందెలు ఆరు. బావి నీళ్ళు ఇంకా చేదు.' ఆ ఆదివారం నాలుగు వరుసలూ చదివాను.