సూర్యుడి తరఫున వాదించిన మా సన్యాసిరావు మావయ్య

నిన్న పొద్దున్నే బచేలి నుంచి అత్తయ్య ఫోన్. హలో అనేలోపే రెండుసార్లు కట్ అయింది.

మామూలుగా అయితే వెనక నుంచి మావయ్య గొంతు వినపడాలి. సూర్యుడిది తప్పు కాదు, టవర్దే తప్పు అని.

నిన్న వెనక ఎవరూ మాట్లాడలేదు.

మూడోసారి లైన్ కలిసినప్పుడు అత్తయ్య ఏడుస్తూ చెప్పింది. నిద్రలోనే పోయాడట.

జగదల్‌పూర్‌లో బస్సెక్కి బచేలిలో దిగేదాకా నేను నమ్మలేదు. మొన్న ఆదివారమే కదా, సోలార్ ఫ్లేర్ గురించి గంటసేపు ఫోన్లో క్లాస్ పీకి నా వంకాయ కూర మాడబెట్టాడు!

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఈయన మా అమ్మకి తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, హిందీ మాట్లాడే ఈ బచేలిలో ఒక ఆఫీసులో ముప్పై ఏళ్లు వైర్‌లెస్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. ఏ ఆఫీసో రాయను. కింద ఉన్నది చదివాక వాళ్ల పరువు మిగలదు.

ఆ ఆఫీసులోని షార్ట్‌వేవ్ వైర్‌లెస్ సెట్ ఒక్కోసారి పట్టపగలే మూగబోయేది.

మొదటిసారి అలా అయినప్పుడు మావయ్య దాన్ని మొత్తం విప్పేశాడు. మళ్లీ బిగించేసరికి మూడు స్క్రూలు మిగిలాయి, సెట్ మాత్రం చక్కగా పలికింది. తనే బాగుచేశానని వారం రోజులు కాలనీ అంతా చెప్పుకుని తిరిగాడు.

తర్వాత ఏదో పుస్తకంలో అసలు సంగతి చదివాడు. సూర్యుడి మీద ఫ్లేర్ వస్తే, అంటే ఒక్కసారిగా పెద్ద మంట ఎగిస్తే, దాని ఎక్స్-రేలు ఎనిమిది నిమిషాల్లో ఇక్కడికి చేరతాయి. ఆ దెబ్బకి పైనున్న గాలి పొర మన రేడియో తరంగాల్ని మింగేస్తుంది. భూమికి పగలున్న వైపే ఈ బాధ. కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది.

"సూర్యుడు తుమ్మితే ఎనిమిది నిమిషాలకి మన సెట్టుకి జలుబు సేస్తాది" అని మాకు చెప్పేవాడు.

ఆ రోజు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టాడు. ఇంట్లో చిన్న రేడియో పెట్టుకుని, రోజూ ఎప్పుడు పలికింది, ఎప్పుడు మూగబోయింది, అందులో సూర్యుడి తప్పు ఉందా లేదా అని తెలుగులో రాసేవాడు. పెళ్లిళ్లకి కూడా ఆ రేడియో తెచ్చేవాడు. నా పెళ్లి ఫోటోల్లో మూడింట్లో ఉంది.

అలాగని ప్రతిదీ సూర్యుడి మీద తోస్తే ఊరుకునేవాడు కాదు. టెన్త్‌లో నాకు మ్యాథ్స్ పోయింది. ఫ్లేర్ వల్లే మావయ్యా అన్నాను. నవ్వుతాడనుకుంటే సీరియస్ అయిపోయాడు. "నీ మార్కులకీ ఆయనకీ ఏటి సంబంధం? పాపం, ఆయన మీద పెట్టకు."

అలాంటి మనిషి అన్నమాట.

ఇక బుధ్‌రామ్ సంగతి. మావయ్య దగ్గర టెంపరరీ ఆపరేటర్. ఒకరోజు అతని డ్యూటీలో పన్నెండు నుంచి రెండు దాకా సెట్ పలకలేదు. హెడ్డాఫీసు పిలిచి పిలిచి అలిసిపోయింది. అసలు జరిగింది ఏమిటంటే, భార్యకి నొప్పులొస్తే గదికి తాళం వేసి హాస్పిటల్‌కి పరిగెత్తాడు. తెలిస్తే ఉద్యోగం ఊడిపోయేదే.

తిరిగొచ్చి ఒప్పేసుకుంటాను అన్నాడు. మావయ్య ఒకటే మాట అన్నాడు. "ఒరే బుద్రాం, నువ్వున్నా నేకపోయినా ఒకటేరా. పన్నెండు నుంచి సూర్యుడే మాట్లాడనివ్వనేదు."

ఆఫీసు రిజిస్టర్‌లో అంతరాయానికి బాధ్యులు ఎవరు అని ఒక గడి ఉంటుంది. అందులో హిందీలో సూర్యుడు అని రాశాడు!

ఎంక్వైరీకి పెద్దాఫీసరు వచ్చాడు. రెండు గంటలు ఎక్స్-రేలు, గాలి పొరలు విన్నాడు. చివరికి పక్క గడిలో బాధ్యుల సంతకం ఎందుకు లేదని విసుక్కున్నాడు. సాయంత్రం ఆరింటికి ఆయన కొండ మీదకి దిగుతాడు సార్, మీరే అడిగి తీసుకోండి అన్నాడట మావయ్య. ఆఫీసరు టీ కూడా తాగకుండా జీపెక్కాడు.

బుధ్‌రామ్ ఉద్యోగం నిలిచింది. తర్వాత పర్మనెంట్ కూడా అయింది. ఆ రోజు పుట్టిన పాపకి కిరణ్ అని పేరు పెట్టాడు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే సూర్యుడికి దండం పెట్టాకే టీ తాగుతాడు.

మావయ్యకి మాత్రం సూర్యుడి మీద కంప్లైంట్ ఇచ్చినవాడని పేరు పడిపోయింది. రిటైర్మెంట్ ఫంక్షన్‌లో కూడా అదే జోకు. ఆయన మెడలో దండతో నవ్వుతూ కూర్చున్నాడు.

నిన్న అందరికంటే ముందు పాడెకి భుజం పట్టింది బుధ్‌రామే.

ఈ పొద్దున మళ్లీ వచ్చాడు. మావయ్య నోట్‌బుక్‌లో కిరణ్ పుట్టిన రోజు నాటి పేజీ ఫోటో తీసుకుని ఇంట్లో ఫ్రేమ్ కట్టించుకుంటాడట. తెలుగు చదవడం రాదు కాబట్టి నన్ను వెతకమన్నాడు. ఆ తారీఖు దొరికింది. పైకి చదవడం మొదలుపెట్టేశాను, ముందు చూసుకోకుండా.

"పన్నెండు నుంచి రెండు వరకు రేడియో స్పష్టంగా పలికింది. సూర్యుడి తప్పు లేదు. రిజిస్టర్‌లో ఆయన మీద వేశాను. బుధ్‌రామ్‌కి ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం."



 బుధ్‌రామ్ కళ్లు తుడుచుకుని మెల్లగా అడిగాడు. "అయితే దీదీ, ఇన్నేళ్లు పొద్దున్నే నేను దండం పెట్టింది రాంగ్ ఆద్మీకా?"

ఏడుస్తున్న అత్తయ్య కూడా నవ్వేసింది. ఫోటో తీసుకున్నాడు. ఫ్రేమ్ కట్టిస్తాడట, అదే పేజీ.

మావయ్యా, ఈ పోస్ట్ అప్‌లోడ్ అవడానికి నాలుగుసార్లు ఫెయిలైంది. సూర్యుడిది తప్పు కాదని అందరికీ నేనే చెప్పాను.

ఇంక నువ్వు రేడియో కట్టేసి హాయిగా పడుకో.