వీడు పైకొస్తాడా, రాడా

ఆ రెండేళ్ళూ మా ఇంట్లో కరోనా మాట కంటే ఎక్కువగా వినబడిన మాట ఒకటుంది. "వీడు పైకొస్తాడా, రాడా?" వీడంటే మా అబ్బాయి. వాదించుకునేది మా ఆయనా, ఆయన స్నేహితులూ. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

ముందు ఆట సంగతి చెప్పాలి. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన మేమున్న చిన్న ఊళ్ళో పిల్లలంతా కాలితో తన్నే ఫుట్‌బాల్ ఆడుతుంటే మావాడు అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ పట్టుకున్నాడు. తలకు హెల్మెట్, భుజాల మీద అట్టపెట్టెల్లాంటి కవచాలు, కోడిగుడ్డులా సాగిన బంతి. ఒకడు ఆ బంతి విసురుతాడు. మావాడు దూరంగా పరిగెత్తి దాన్ని అందుకోవాలి. ఆ పని చేసేవాణ్ణి వైడ్ రిసీవర్ అంటారు. అందుకున్న మరుక్షణం దున్నపోతుల్లాంటి వాళ్ళు వచ్చి మీద పడతారు. మొదటిసారి చూసిన రోజు నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మా ఆయన మాత్రం "చూడవే, చూడవే" అంటూ నా మోచెయ్యి లాగుతూనే ఉన్నారు.

మావాడు పెద్దవాళ్ళ జట్టులోకి వచ్చేసరికి కరోనా వచ్చిపడింది. మైదానం మూసేశారు. కొన్నాళ్ళకు తెరిచారు గాని చూడ్డానికి ఎవర్నీ రానివ్వలేదు. క్లబ్బువాళ్ళు ఒక కర్రకు ఫోను కట్టి ఆటని ఇంటర్నెట్‌లో చూపించేవాళ్ళు. ఇక చూడాలి మా ఇల్లు! శనివారం వచ్చిందంటే టీవీలో ఆట, దాని పక్కన లాప్‌టాప్‌లో వీడియో కాల్. కాల్‌లో ఇద్దరు. ఒకాయనది వరంగల్, మా పక్క ఊళ్ళోనే ఉంటాడు. కాలేజీ రోజుల్లో తను ఫాస్ట్ బౌలర్‌నని రోజుకోసారి చెప్పకపోతే ఆయనకు తిన్నది అరగదు. ఇంకొకాయనది కాకినాడ, బ్రెమెన్‌లో విమానాల కంపెనీలో ఇంజనీరు. మా ఆయనతో కలిపి ముగ్గురు. మావాడి అభిమాన సంఘమంటే అదే.

ఆ ముగ్గురికీ ఆట సరిగ్గా తెలియదు. ముగ్గురివీ క్రికెట్ కళ్ళు. బంతి గాల్లోకి లేస్తే చాలు, "క్యాచ్, క్యాచ్!" అని అరుపులు. పట్టుకుంటే దేవుడు, వదిలేస్తే దద్దమ్మ. మధ్యలో ఇంకేం జరిగినా వాళ్ళకి అక్కర్లేదు.

ఆట ముగిసి, మావాడు ఇంటికొచ్చి స్నానం చేసి కంచం ముందు కూర్చునే వేళకు వాదన మొదలయ్యేది.

"పోరడు ఏం ఉరుకుతుండే అన్నా! రెండేండ్లు ఆగు, అమెరికాల ఉంటడు," అనేవాడు వరంగల్ ఆయన.

"పరిగెడితే సరిపోద్దేంటండీ బాబూ," అనేవాడు కాకినాడ ఆయన. "ఒళ్ళేదండీ? మనయ్యి పప్పన్నం తిన్న ఎముకలండీ. ఆ జర్మనోడొకడు మీద కూర్చుంటే పిండైపోద్ది. అయినా ఇయ్యాల ఎన్ని పట్టాడండీ? ఊరికే అటూ ఇటూ పరిగెట్టాడు."

మావాడు ముద్ద మింగి లాప్‌టాప్ వైపు తిరిగేవాడు. "అంకుల్, ఆ పరుగు బంతి కోసం కాదు. నన్ను కాపలా కాసేవాడు నా వెనకాలే రావాలి. అప్పుడు మా జట్టులో ఇంకొకడికి ఖాళీ దొరుకుతుంది."

"ఓహో," అనేవాళ్ళు ముగ్గురూ. వచ్చే శనివారానికి మళ్ళీ "క్యాచ్, క్యాచ్!"

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వాళ్ళు వాణ్ణి అప్పుడే విమానం ఎక్కించేసేవాళ్ళు, మళ్ళీ వాళ్ళే దించేసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. "గట్టున కూర్చుని ఎన్నైనా చెప్తారు, ఒక్కరైనా మెట్లెక్కితే ఆయాసపడకుండా ఉంటారా?" అనేదాన్ని. మా ఆయన వినబడనట్టు నటించేవారు. మావాడేమో "వాళ్ళకేం తెలీదమ్మా" అని తేలిగ్గా నవ్వేసేవాడు. కానీ ఆ కాల్ అయ్యేదాకా కంచం దగ్గర్నుంచి లేచేవాడు కాదు. చెయ్యి ఎండిపోయినా అలాగే కూర్చునేవాడు.

ఆ శీతాకాలం చివర్లో మా ఇంట్లో అందరికీ కరోనా వచ్చింది. నేనూ మా ఆయనా మంచాన పడ్డాం. వాడికి కాస్త జ్వరం వచ్చి పోయింది, అంతే. మాకు పాలూ కూరగాయలూ గుమ్మంలో పెట్టి వెళ్ళింది వరంగల్ ఆయనే. ఆ మాట కూడా చెప్పకపోతే నా నోరు పడిపోతుంది.

మేం కోలుకున్నాం. వాడే కోలుకోలేదు. ఒకరోజు నీళ్ళ సీసాల పెట్టె మోసుకొస్తూ మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. తలుపు తీసి చూసేసరికి పెదవులు తెల్లగా ఉన్నాయి. "ఏం లేదమ్మా, గుండె ఎందుకో గట్టిగా కొట్టుకుంటోంది," అన్నాడు. గుండె డాక్టర్ దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికేసరికి మా తాతలు దిగొచ్చారు. తీరా వెళ్తే కరోనా నిబంధన, రోగి ఒక్కడే లోపలికి. నేను బయట మందుల షాపు చూరు కింద వానలో నిలబడ్డాను.

వాడు బయటికొచ్చి మాస్క్ కిందికి లాక్కున్నాడు. "గుండె కండరం వాచిందట. ఆడకూడదట. కొన్నాళ్ళు పోయాక మళ్ళీ స్కాన్ చేస్తారట."

"ఆడితే ఏమవుతుందట?"

"ఆడుతుండగానే ఆగిపోవచ్చట." ఆ ఒక్క ముక్కా జర్మన్‌లో చెప్పాడు. ఇంటికొచ్చేదాకా ట్రామ్‌లో నేను వాడి చెయ్యి వదల్లేదు. పంతొమ్మిదేళ్ళవాడు, అందరూ చూస్తున్నా విడిపించుకోలేదు.

ఆ సాయంత్రం మా ఆయన అన్న మొదటి మాట, "ఎవరికీ చెప్పొద్దు."

"ఎందుకు చెప్పకూడదు?"

"గుండె జబ్బని ఒకసారి బయటికి పొక్కితే ఇంకేమన్నా ఉందా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవడో ఒకడు ఈ మాట తవ్వి తీస్తాడు. కాలు బెణికిందని చెబుదాం."

"గడ్డం కూడా సరిగ్గా రానివాడికి అప్పుడే సంబంధాలేంటండీ! మీకు మతి ఉందా?" అని అరిచాను. మన వాళ్ళలో ఇదొక జాడ్యం. జ్వరమొస్తే ఊరంతా చాటుతాం. అసలు జబ్బొస్తే మాత్రం దానికి చిన్న పేరేదో పెట్టి దాచేస్తాం. నేను ఇంకా అరిచేదాన్నేగాని మావాడే అడ్డుపడ్డాడు. "నాన్న చెప్పిందే బాగుందమ్మా. గుండె అంటే క్లబ్బులో నా పేరు కొట్టేస్తారు. బెణుకంటే నా చోటు నాకుంటుంది." వాడే ఆ మాటన్నాక నేనేం చెయ్యను? పద్దెనిమిది దాటినవాడు, వాడి జబ్బు వాడిది. నోరు మూసుకున్నాను.

అలా బెణుకు మొదలైంది. వీడియో కాల్ వస్తే చాలు, వాడు సోఫాలోంచి లేచి కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చేవాడు. వరంగల్ ఆయన పసుపూ సున్నం పట్టు వెయ్యమన్నాడు. కాకినాడ ఆయన ఆముదంతో మర్దన చెయ్యమన్నాడు. ఎండాకాలం వచ్చింది, ఆటలు మళ్ళీ మొదలయ్యాయి. బెణుకు మాత్రం తగ్గలేదు. అప్పుడు వాదన మలుపు తిరిగింది.

"ఇన్నాళ్ళు బెణుకేంటండీ? కుర్రాడికి భయం పట్టుకుందండీ. దెబ్బలకి భయపడేవాడు ఈ ఆటలో పైకి రాడండీ," అన్నాడు కాకినాడ ఆయన.

"భయపడే పోరడు కాదన్నా వాడు. జర మనమే ధైర్యం చెప్పాలె," అన్నాడు వరంగల్ ఆయన.

మా ఆయన ఇద్దరికీ తల ఊపారు. నేను వంటింట్లో గిన్నె ఒకటి విసిరి సింక్‌లో పడేశాను. మావాడు పక్కనే నిలబడి అంతా విన్నాడు. వాడి మొహంలో కోపం వెతికాను. లేదు. పరీక్షలో తన మార్కులు చదువుతుంటే వినేవాడిలా శ్రద్ధగా వింటున్నాడు.

వేసవి ముగిసేలోపు రెండో స్కాన్ అయింది. వాపు తీసింది గాని మచ్చ మిగిలిపోయింది. పోటీ ఆటలు ఇక ఎప్పటికీ వద్దని డాక్టర్ చెప్పేశాడు. అదే వారం, పొరుగు రాష్ట్రంలో ఒక పెద్ద జట్టు కొత్తవాళ్ళని ఎంచుకోవడానికి ఆడించి చూస్తుందన్న కబురు వచ్చింది. నా బాధ్యత నాదే అని సంతకం పెడితే చాలు, ఎవరైనా ఆడొచ్చు.

"ఒక్క రోజేగా అమ్మా," అన్నాడు మావాడు. "నేనేంటో ఒక్కసారి తెలిస్తే చాలు. తర్వాత మానేస్తాను."

"తెలుసుకోవడానికి నువ్వుండాలి కదరా!"

వాళ్ళ నాన్న "నేను తీసుకెళ్ళను" అన్నారు. అంతే, "నువ్వు వెళ్ళడానికి వీల్లేదు" అన్న మాట మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు. నేను ఏడ్చాను, తిట్టాను, నా మీద ఒట్టన్నాను. ఆదివారం పూట అంత దూరానికి సరైన రైలూ బస్సూ లేవు కాబట్టి ఎలా వెళ్తాడులే అని గుండె చిక్కబట్టుకున్నాను.

వాడు వరంగల్ ఆయనకు ఫోన్ చేసుకున్నాడు. ఆదివారం పొద్దున్న కిటికీలోంచి చూస్తే మా గుమ్మం ముందు ఆయన కారు. మాస్క్ గడ్డానికి దించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ముందు టైరు కింద నిమ్మకాయ పెడుతున్నాడు. పెళ్ళికొడుకును తీసుకుపోవడానికి వచ్చినంత సంబరంగా ఉన్నాడు. వెనక్కి చూస్తే మావాడు గదిలో బ్యాగ్ జిప్ వేసుకుంటున్నాడు. నేను చెప్పుల్లేకుండానే మెట్లు దిగాను.

"ఏంది వదినా, నువ్వు గూడ వస్తవా?" అన్నాడాయన నవ్వుతూ.

"అన్నయ్యా, వాడి కాలికి ఏం కాలేదు. కరోనా తర్వాత గుండె వాచింది. ఇప్పుడు మచ్చ పడింది. పరిగెత్తితే అక్కడికక్కడే ఆగిపోవచ్చని డాక్టర్ చెప్పాడు. తీసుకెళ్తావో మానేస్తావో నీ ఇష్టం."

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. వంగి ఆ నిమ్మకాయ తీసి జేబులో వేసుకున్నాడు. ఫుట్‌పాత్ అంచున కూలబడ్డాడు. "గింత మాట గిన్ని దినాలు దాస్తరా వదినా?" అన్నాడు. "నేను పోరన్ని సావుకు తోలుకపోతుంటినా?"

మావాడు బ్యాగ్ భుజాన వేసుకుని దిగాడు. ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. "చెప్పేశావా?"

"చెప్పేశాను."

"బిడ్డా, నేను కారు తియ్య," అన్నాడు వరంగల్ ఆయన. మావాడు బ్యాగ్ అక్కడే వదిలేసి పైకి వెళ్ళిపోయాడు. దాన్ని నేనే మోసుకొచ్చాను.

నేను చేసిన పనికి నాకేం పశ్చాత్తాపం లేదు. మళ్ళీ ఆ కారు వచ్చి నిలబడితే మళ్ళీ చెప్పుల్లేకుండా దిగుతాను. కన్నదాన్ని, నా బిడ్డ బతికుండాలి. కానీ ఆ తర్వాతి శనివారాన్ని మాత్రం నేను ఊహించలేదు.

అప్పటికి విషయం బ్రెమెన్ దాకా పాకింది. కాకినాడ ఆయన భార్య నాకు విడిగా ఫోన్ చేసి ఏ దేవుడికి మొక్కుకోవాలో చెప్పింది. మధ్యాహ్నం ఎప్పటిలాగే ఆట పెట్టారు, కాల్ కలిపారు. "అబ్బాయి బాగున్నాడాండీ?" అని కాకినాడ ఆయన మెల్లగా అడిగాడు, ఆసుపత్రి మంచం పక్కన నిలబడి అడిగినట్టు. "బాగున్నాడు," అన్నారు మా ఆయన. అంతటితో ఆ మాట అయిపోయింది. తర్వాత వ్యాక్సిన్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకున్నారు. మావాడి చోట్లో ఒక జర్మన్ కుర్రాడు ఆడుతున్నాడు, పొడుగ్గా, చురుగ్గా. వాడు ఒక బంతిని గాల్లోకి ఎగిరి అందుకున్నాడు.

"వీడు పైకొస్తాడండీ," అని కాకినాడ ఆయన నోరు జారాడు. తర్వాత వరంగల్ ఆయన గొంతు సవరించుకుని, "ఏమో అన్నా, ఉరుకుడు జర తక్కువుంది," అన్నాడు. "అదేంటండీ, ఒళ్ళు చూడండి!" అన్నాడు కాకినాడ ఆయన. మా ఆయన కూడా ఏదో అన్నారు. నెమ్మదిగా మొదలై, గొంతులు పెరిగి, ముగ్గురూ ఆ పరాయి కుర్రాడి మీద పడి ఎప్పటిలా కొట్టుకున్నారు.

మావాడు వంటింట్లో బల్ల దగ్గర కంచం ముందు కూర్చుని ఉన్నాడు. కాల్ అయ్యేదాకా లేవలేదు. లాప్‌టాప్ మూసిన చప్పుడు విన్నాక నా వైపు చూశాడు.

"అమ్మా," అన్నాడు, "నా గురించి ఇంక వాదించుకోరా వాళ్ళు?"