మల్లేశం మాట కోసం ఆగిన ఓడ

2023, వానకాలం. కోరుట్ల బస్టాండు వెనక చిన్న గదిలో పాత సినిమా రీళ్లను కంప్యూటరులోకి ఎక్కించే పని నాది. చదివింది పదో తరగతి. లెక్కలన్నీ కొలిచి కొలిచి నేర్చుకున్నవే.

సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో పనిచేసే రాజవ్వ తండ్రిని వెంటబెట్టుకొని వచ్చింది. తగరపు డబ్బాలో ఒక మూకీ రీలు. హాలీవుడ్ తొలినాళ్ల బొమ్మ: కొబ్బరిచెట్ల దీవి, అక్కడి పిల్ల, ఓడ మీద వచ్చిన దొర, వాళ్ల ప్రేమ. తండ్రి మల్లేశం వయసులో ఉన్నప్పుడు రుద్రంగి వైపు డేరా సినిమాల్లో ఈ బొమ్మకు తెలుగులో కథ చెప్పేవాడట.

"సోమారం ఆపరేషన్ సార్. గొంతుల గడ్డ. మాటపెట్టె తీసేస్తమన్నరు. గా లోపల బాపు కథ రికార్డు చెయ్యాలె."

"రీలెందుకు? ఊరికే చెప్పమనండి."

మల్లేశం బొంగురుగా నవ్వాడు. "బొమ్మ కదలంది మాట ఎట్ల అస్తది సేటూ? ఉత్తగ చెప్పుమంటె ఒక్క ముక్క యాదికి రాదు."

రీలు చూడగానే నాకు గుబులు పట్టుకుంది. పాత ఫిల్ము ఎండి పొట్టిదవుతుంది, దాన్ని ష్రింకేజ్ అంటాం. నూరు ఫ్రేములను కొత్త ఫిల్ము పక్కన పెట్టి కొలిచాను. దాదాపు ఒక శాతం తగ్గింది. అంత తగ్గితే ఫిల్ము అంచు రంధ్రాలు ప్రొజెక్టరు పళ్లకు కుదరక చిరుగుతాయి. హైదరాబాదు పంపితే సోమవారం దాటిపోతుంది.

ఆకురాయితో పళ్లను సన్నగా రాకి, సెకనుకు పద్దెనిమిది ఫ్రేములు పెట్టి మోటారు వేశాను. మూకీలకు నేను నమ్మే లెక్క అది. మైకు ముందు మల్లేశం నోరు తెరిచాడు, మూశాడు.

"చెప్పు బాపూ," అంది రాజవ్వ.

"బొమ్మ ఉరుకుతుంది బిడ్డా. మా డేరాల మోటరేడిది? మిషిను నడిపే రాజం చెయ్యితోని తిప్పుతుండె. నేను దమ్ము తీస్తె వాడు ఆగుతుండె."

మోటారు ఆపి రీలు మొదటికి చుట్టాను. నిదానంగా నడిపితే బల్బు వేడికి ఫిల్ము కాలుతుంది కనుక ఎల్‌ఈడీ పెట్టాను. బెల్టు విప్పి చేతిపిడి బిగించాను. ఇక లెక్క లేదు, ఆయన ఊపిరి వింటూ తిప్పడమే. ఆగి తిప్పినప్పుడల్లా రంధ్రాల మీద గుంజుడు పడుతోంది.

"సూడుండ్రి అవ్వల్లారా! గీ పిల్ల పేరు లచ్చవ్వ. గా దొర ఏమంటుండు? బొంబాయి పోతున్న, పైసలు తోలిస్త అంటుండు. నమ్ముతరా?"

"నమ్మం!" కళ్లు తుడుచుకుంటూనే అరిచింది రాజవ్వ.

ఓడ కదిలింది. టప్పుమని ఫిల్ము తెగింది. తెరంతా తెలుపు. నేను తిప్పడం ఆపాను.

కానీ మాట ఆగలేదు. "అగో, ఓడ మర్లచ్చింది! దొర దిగుతుండు! లచ్చవ్వా, బువ్వ పెట్టు!"

తెగినచోట రంధ్రాలు మిగతా రీలుకన్నా బాగా అరిగి ఉన్నాయి. టేపు వేసి మిగిలింది చూశాను. ఓడ తిరిగి రాదు. ఒడ్డున పిల్ల ఒక్కతే నిలబడి ఉంటుంది.

"ఇదేంటి?" అని మల్లేశాన్ని అడిగాను.

"డేరాల కూసున్న ఆడోళ్ల మొగోళ్లు సగం మంది పనికి పోయి బొంబాయిల ఉంటుండిరి. ఓడ రాలేదని వాళ్లకు ఎట్ల చెప్పాలె? ఓడ కదిలేకాడికి రాంగనే రాజం తిప్పుడు ఆపి లైటు బందు జేస్తుండె. కడమ కథ నేను చీకట్ల చెప్తుంటి."

రంధ్రాలు సరిగ్గా అక్కడే ఎందుకు అంతగా అరిగాయో అప్పుడు అర్థమైంది.

ఆపరేషన్ అయింది. మల్లేశం ఇప్పుడు పలక మీద రాసి మాట్లాడతాడు. నేను మాత్రం ఏ రీలు వచ్చినా, వేగం లెక్క కట్టేముందు, దాన్ని తిప్పినవాళ్లు ఎక్కడ ఆగేవాళ్లో అడుగుతాను.